లెక్కల మార్కుల కోసమే అయితే సంగీతం అక్కర్లేదు: ఏడో తరగతి బాలుడి తల్లికి ఒక సంగీతోపాధ్యాయుడి సమాధానం

మీరు అడిగిన విషయం ఇది. మీ అబ్బాయి ఏడో తరగతి చదువుతున్నాడు. మూడేళ్లుగా బడిలోనే వారానికి రెండు పీరియడ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాడు. వచ్చే విద్యాసంవత్సరం నుంచి కావాలంటే ఆ రెండు పీరియడ్లనూ ఐఐటీ ఫౌండేషన్ తరగతికి మార్చుకోవచ్చునని బడివారు చెప్పారు. మీవారు అందుకు సుముఖంగా ఉన్నారు. సంగీతం నేర్చుకుంటే లెక్కలు బాగా వస్తాయని మీరు ఎక్కడో చదివారు, ఆ మాట నిజమని తేలితే దానిని అడ్డుపెట్టి పిల్లవాడి సంగీతాన్ని నిలబెట్టాలని అనుకుంటున్నారు. పైగా ఈ మధ్య వాడి గొంతు బొంగురుపోతున్నదనీ, పాడమంటే తప్పించుకుంటున్నాడనీ, ఇక మాన్పించడమే మేలేమోననీ సందేహపడుతున్నారు.

నేను కోస్తా జిల్లాల్లోని మూడు ఉన్నత పాఠశాలల్లో కలిపి 31 సంవత్సరాలు సంగీతం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీకు నచ్చే సమాధానం చెప్పడం నాకు చాలా సులువు, ఎందుకంటే అది నా వృత్తికి కూడా అనుకూలమైనదే. అయినా లెక్కల విషయంలో నేను మీవారి పక్షానే మాట్లాడవలసి వస్తుంది, సంగీతం విషయంలో మాత్రం మీ పక్షాన. ఈ రెండింటికీ వైరుధ్యం లేదని వివరించడానికే ఇంత దీర్ఘంగా రాస్తున్నాను.

సంగీతం వింటే మెదడు పదునెక్కుతుందన్న ప్రచారానికి మూలం 1993లో ‘నేచర్’ పత్రికలో ఫ్రాన్సిస్ రాషర్, ఆమె సహచరులు ప్రచురించిన ఒక చిన్న వ్యాసం. అందులో పాల్గొన్నవారు బడిపిల్లలు కారు, 36 మంది కళాశాల విద్యార్థులు. వారు పది నిమిషాల పాటు పాశ్చాత్య స్వరకర్త మొజార్ట్ రచించిన ఒక పియానో సొనాటా విని, ఆ వెంటనే కాగితం మడతలు, ఆకారాలకు సంబంధించిన పరీక్ష రాశారు. మౌనంగా కూర్చున్నప్పటి కంటే కొద్దిగా మెరుగ్గా రాశారు, ఆ మెరుగుదల పది పదిహేను నిమిషాల్లో మాయమైంది. అంత చిన్న ఫలితం పత్రికలకెక్కి ఎంత పెద్దదైందంటే, 1998లో అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు జెల్ మిల్లర్ అక్కడ పుట్టే ప్రతి శిశువుకూ శాస్త్రీయ సంగీతపు సీడీ ఇవ్వడానికి ప్రభుత్వ సొమ్ము కావాలని అడిగారు. ఇది వినికిడి సంగతి మాత్రమేనని, నేర్చుకోవడంతో దీనికి సంబంధమే లేదని ఎవరూ పట్టించుకోలేదు.

నేర్చుకోవడం గురించి జరిగిన పరిశోధనల్లో గ్లెన్ షెలెన్‌బర్గ్ 2004లో ప్రకటించినది పేరు పొందింది. కెనడాలో 144 మంది ఆరేళ్ల పిల్లలను తీసుకుని కొందరికి కీబోర్డు, కొందరికి గాత్రం, కొందరికి నాటకం ఏడాది పాటు నేర్పించారు, మిగిలినవారికి ఏమీ నేర్పలేదు. సంగీతం నేర్చినవారి ఐక్యూ సగటున సుమారు ఏడు పాయింట్లు, తక్కినవారిది సుమారు నాలుగు పాయింట్లు పెరిగింది. తేడా ఉన్న మాట నిజమే, కానీ అది మూడు పాయింట్లకు లోపే. తరువాత 2020లో జొవాని సాలా, ఫెర్నాండ్ గొబే అనే ఇద్దరు పరిశోధకులు అప్పటివరకు వచ్చిన 54 అధ్యయనాలను, దాదాపు 7,000 మంది పిల్లల ఫలితాలను ఒకచోట చేర్చి లెక్క కట్టారు. పిల్లలను చీటీ వేసినట్లు యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విడదీసి, రెండో వర్గానికి కూడా చిత్రలేఖనం వంటిదేదో నేర్పి, ఆ తరువాత పోల్చిన అధ్యయనాల్లో, చదువు మార్కుల మీద గానీ సాధారణ బుద్ధి మీద గానీ సంగీతం ప్రభావం ఇంచుమించు సున్నా అని తేలింది.

కాబట్టి లెక్కల్లో మార్కులే లక్ష్యమైతే ఆ రెండు పీరియడ్లూ లెక్కలకే కేటాయించడం సబబు. సంగీతానికి లెక్కల మార్కులను పూచీగా పెట్టే తల్లిదండ్రులను నేను చాలామందిని చూశాను. మార్కులు పెరగకపోతే తొమ్మిదో తరగతిలో వారే ముందుగా వచ్చి పిల్లలను మాన్పిస్తారు. పెరిగితే, ఇక సంగీతంతో పనేముందని పదో తరగతిలో మాన్పిస్తారు. ఏ దారిన పోయినా అక్కడికే చేరుతుంది కనుక మీరు ఆ వాదనను ఎత్తుకోవద్దని నా మనవి. సంగీతం పిల్లలకు ఇచ్చేవి వేరే ఉన్నాయి, వాటి మీదనే నిలబడండి.

మొదటిది చెవి. కొత్తగా ఆరో తరగతిలో చేరిన నలభై మంది పిల్లలను కూర్చోబెట్టి, ఆధార స్వరాన్ని ఆగకుండా మోగించే శ్రుతిపెట్టె పెట్టి, దానిలో గొంతు కలపమంటే సగానికి పైగా పిల్లలు శ్రుతిపెట్టెను వినరు. వాళ్లు నన్ను చూస్తారు, పక్కవాడిని చూస్తారు, గట్టిగా పలికితే సరిపోతుందనుకుని అరుస్తారు. తాము పలుకుతున్న షడ్జమానికీ (‘స’ స్వరానికీ) పెట్టెలోని షడ్జమానికీ మధ్య ఎడం ఉందన్న సంగతే వారికి తెలియదు. రెండు మూడు నెలలు గడిచాక ఒక రోజు వస్తుంది. ఆ రోజున పిల్లవాడు పాడుతూ పాడుతూ ఆగి, కనుబొమలు ముడిచి, గొంతును కొద్దిగా పైకి జరిపి, కలిసిన చోట నిలుస్తాడు. ఎవరూ చెప్పకుండా తన తప్పును తానే విని తానే దిద్దుకున్న క్షణమది. నా ఉద్యోగ జీవితంలో నాకు జీతం కంటే ఎక్కువ సంతృప్తి ఇచ్చిన దృశ్యం ఏదంటే దానినే చెబుతాను.

ఈ చెవి సంగీతానికే పరిమితమై ఉండిపోదు. ఇక్కడ మాత్రం పరిశోధన కూడా కొంత అండగా నిలుస్తుంది. లాస్ ఏంజెలెస్ నగరంలోని పేద పిల్లలకు ఉచితంగా సంగీతం నేర్పే హార్మొనీ ప్రాజెక్టులో చేరిన పిల్లలను నీనా క్రాస్ అనే శాస్త్రవేత్త బృందం పరిశీలించి 2014లో ఫలితాలు ప్రకటించింది. ‘బ’, ‘గ’ వంటి దగ్గరి ధ్వనులను మెదడు వేరు చేసి గుర్తించే తీరు, రెండేళ్లు నేర్చిన పిల్లల్లో స్పష్టంగా మెరుగుపడింది. ఒక్క ఏడాది నేర్చినవారిలో ఆ మార్పు కనిపించలేదు. ఆ రెండేళ్ల లెక్క నాకు ఆశ్చర్యం కలిగించలేదు, ఎందుకంటే తొలి పాఠాలైన సరళీ స్వరాలతో మొదలుపెట్టి జంట స్వరాలు, తాళాల్లో కట్టిన స్వర వరుసలైన అలంకారాలు దాటి గీతాలకు చేరేసరికి బడి పీరియడ్లలో దాదాపు అంతే కాలం పడుతుంది. ఇటలీలో 2015లో వెలువడిన మరొక అధ్యయనంలో, చదవడంలో ప్రత్యేకమైన ఇబ్బంది, అంటే డిస్లెక్సియా ఉన్న 46 మంది పిల్లల్లో సగం మందికి ఏడు నెలలు లయ ప్రధానమైన సంగీతం, తక్కినవారికి చిత్రలేఖనం నేర్పారు. మాటలోని ధ్వనులను విడదీసి పట్టుకోవడంలోనూ, చదవడంలోనూ సంగీతం నేర్చినవారే ముందున్నారు.

మన పిల్లల విషయంలో దీనికి మరింత ప్రాధాన్యం ఉంది. ఇంగ్లీషు మాధ్యమంలో చదివే పిల్లవాడు రోజు మొత్తం మీద తెలుగు మాట గట్టిగా, స్పష్టంగా పలికే సందర్భాలు ఎన్ని ఉంటాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. ‘ల’కూ ‘ళ’కూ, ‘న’కూ ‘ణ’కూ తేడా లేకుండా పలికే పిల్లలు, ఒత్తక్షరాన్ని తేల్చేసే పిల్లలు నా దగ్గరకు ఏటా ఎక్కువవుతూ వచ్చారు. పాటలో ఆ లోపం దాగదు. నలుగురూ ‘ళ’ అంటున్నప్పుడు ఒకడు ‘ల’ అంటే అది వెంటనే వినిపిస్తుంది, వినిపించినది దిద్దుకోవడం తేలిక. అయితే ఇందులో ఉపాధ్యాయుడి బాధ్యత కూడా ఉంది. కీర్తనలో హ్రస్వాన్ని సాగదీసి పాడవలసిన చోట్లు చాలా ఉంటాయి, ఆ సాగతీత పదాన్ని విరిచేయకూడదు. పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, దాని అర్థమేమిటో చెప్పకుండా పాట నేర్పితే పిల్లలు అర్థం లేని అక్షరాలను ఏళ్ల తరబడి భక్తిగా పాడుతూ ఉంటారు. అటువంటి విద్యార్థులను నేనూ తయారు చేశాను, తొలి నాళ్లలో.

రెండవది లయ. మీ అబ్బాయి ఈపాటికి ఆదితాళం వేయడం నేర్చే ఉంటాడు: ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్కింపు, ఆపైన రెండుసార్లు దెబ్బ, విసురు. నాలుగు, రెండు, రెండు కలిసి ఎనిమిది. అదే స్వరాలను మొదటి కాలంలో దెబ్బకు ఒకటి, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు చొప్పున పాడతారు, చేయి వేగం మాత్రం మారదు. గొంతు వేగం మారుతూ చేతి వేగం మారకుండా నిలపడమే పిల్లలకు అన్నిటికంటే కష్టమైన పని. రెండో కాలం రాగానే చేయి కూడా పరుగెత్తుతుంది. దానిని అదుపులో పెట్టడానికి నెల పడుతుంది, కొందరికి ఏడాది పడుతుంది. తన శరీరంలో ఒక భాగాన్ని నిలకడగా ఉంచి మరొక భాగాన్ని వేగంగా నడిపించే ఆ నిగ్రహం ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు.

లెక్కల మార్కులు పెరగవని పైన రాశాను. అయితే లెక్క అంటే ఏమిటో చేతితో తాకి చూసే అవకాశం సంగీతంలో పుష్కలంగా ఉంది, లెక్కల ఉపాధ్యాయుడు కలిసి వస్తే. నాతో పనిచేసిన ఒక లెక్కల మాస్టారు తొమ్మిదో తరగతి పిల్లలకు తక్కిన రాగాలకు మూలమైన 72 మేళకర్త రాగాలు ఎలా వచ్చాయో నల్లబల్ల మీద వేసి చూపించారు. షడ్జమానికీ మధ్యమానికీ (స, మ) నడుమ నాలుగు స్వరస్థానాలు ఉన్నాయి, వాటిలో రెండింటిని రిషభ గాంధారాలుగా (రి, గ) ఎంచుకోవాలి, అందుకు ఆరు మార్గాలు. పంచమానికీ (ప) పై షడ్జమానికీ నడుమ కూడా నాలుగే, ధైవత నిషాదాలకు (ద, ని) మళ్లీ ఆరు మార్గాలు. మధ్యమాలు రెండు. ఆరును ఆరుతో, ఆ వచ్చినదానిని రెండుతో గుణిస్తే 72. పిల్లలు తాము పొద్దున్నే పాడే మాయామాళవగౌళ రాగం ఆ వరుసలో ఎన్నోదని అడిగారు. అక్షరాలకు అంకెలు కేటాయించే కటపయాది సంఖ్య ప్రకారం ‘మ’ అంటే అయిదు, ‘య’ అంటే ఒకటి, తిరగవేస్తే పదిహేను అని నేను చెప్పాను. ఆ పీరియడు గంట కొట్టినా ఎవరూ లేవలేదు.

తెలుగు పంతులుగారితోనూ ఇటువంటి పొత్తు కుదుర్చుకోవచ్చు. గురులఘువులను పిల్లలు గుర్తులు పెట్టి నేర్చుకుని పరీక్ష రాసి మరిచిపోతారు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు చొప్పున చేతితో వేయిస్తే ఉత్పలమాల పాదంలో 28 మాత్రలు వస్తాయి, చంపకమాల పాదంలోనూ 28 వస్తాయి. ఒకదానికి అక్షరాలు ఇరవై, రెండోదానికి ఇరవై ఒకటి అయినప్పుడు మాత్రలు ఎలా సమానమయ్యాయని అడిగితే ఎవరో ఒక పిల్ల తప్పకుండా పట్టేస్తుంది: ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విరిస్తే అదే చంపకమాల. భరనభభరవ, నజభజజజర అని బట్టీ పట్టిన పిల్లలకు ఆ రెండూ తోబుట్టువులని అప్పటిదాకా తెలియదు.

మూడవది సాధన. ఇది అందరూ చెప్పే మాటే కనుక విడమరచడం లేదు, ఒక్క విషయం మాత్రం గమనించండి. తక్కిన పాఠాల్లో పిల్లవాడు తప్పు చేసినట్లు తెలియడానికి కాపీ దిద్ది వచ్చేదాకా, ఒక్కోసారి పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగాలి. సంగీతంలో తప్పు అప్పుడే వినబడుతుంది, అప్పుడే మళ్లీ పాడవచ్చు. పదిసార్లు తప్పిన జంటస్వర వరుస పదకొండోసారి కుదిరినప్పుడు, నిన్న రానిది ఇవాళ వచ్చిందన్న అనుభవం వాడి స్వంతమవుతుంది. ఆ అనుభవం ఒకసారి రుచి చూసిన పిల్లలు కష్టమైన లెక్క దగ్గర తక్కినవారి కంటే కాస్త ఎక్కువసేపు కూర్చుంటారని నాకు అనిపిస్తుంది. ఇది నా అభిప్రాయమే, దీనికి నా దగ్గర రుజువు లేదు.

నాలుగవదాని గురించి తల్లిదండ్రులు సాధారణంగా అడగరు, నా దృష్టిలో బడిలో సంగీతం ఉండవలసిన అసలు కారణం అదే. బయట ఉపాధ్యాయుడి ఇంటికి వెళ్లి ఒంటరిగా నేర్చుకునే సంగీతంలో దొరకనిదీ, బడిలో మాత్రమే దొరికేదీ కలిసి పాడడం. బృందగానంలో గొంతు బాగున్నవాడు తగ్గి పాడాలి, గొంతు చిన్నదైనవాడు ధైర్యం చేయాలి, ఇద్దరూ ఒకే చోట ఊపిరి తీసుకోవాలి. నాలుగేళ్ల పిల్లలు కలిసి పాడుతూ ఆడిన తరువాత ఒకరికొకరు సాయపడడం పెరిగిందని జర్మనీలో కిర్ష్నర్, తోమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు 2010లో చూపించారు. బడిలో పనిచేసినవారికి అది రోజూ కనిపించే సంగతే. నా తరగతిలో ఒక పిల్లవాడికి నత్తి ఉండేది. హాజరు పిలిచినప్పుడు ‘ప్రెజెంట్ సార్’ అనడానికే చెమటలు పట్టేవి. నత్తి ఉన్నవారికి పాడేటప్పుడు సాధారణంగా నత్తి రాదు, నలుగురితో కలిసి ఒకేసారి పలికేటప్పుడు కూడా చాలా వరకు తగ్గుతుంది. సంగీతం దానికి మందు కాదు, వాడి మాటలో నత్తి పూర్తిగా పోలేదు కూడా. కానీ వారంలో రెండు పీరియడ్ల పాటు వాడు తక్కిన అందరిలాంటి పిల్లవాడు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ప్రార్థన గీతాన్ని ముందు నిలబడి ఎత్తుకునేది వాడే.

ఇక్కడ నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. మన బళ్లలో సంగీతం అంటే కర్ణాటక సంగీతమేనని, తక్కినదంతా వినోదమని నేనూ చాలాకాలం నమ్మాను. ఒక సంవత్సరం ఎనిమిదో తరగతిలో తిశ్రగతి నేర్పుతున్నాను. ఎనిమిది దెబ్బల మీద దెబ్బకు మూడు చొప్పున ‘తకిట, తకిట’ అనిపించాలి. ఏళ్లుగా సంగీతం నేర్చిన పిల్లలే తడబడుతుంటే, వెనక బెంచీలో ఎప్పుడూ నోరు తెరవని ఒక పిల్లవాడు బల్ల మీద వేళ్లతో దాన్ని తప్పు లేకుండా నడిపిస్తున్నాడు. ఎక్కడ నేర్చుకున్నావంటే చెప్పడానికి సంకోచించాడు. వాళ్ల నాన్న డప్పు కొడతాడు. వాడికి నడక తప్పకుండా వేగం రెట్టింపు చేయడం తెలుసు, మూడింటిని నాలుగింటి మీదకు తేవడం తెలుసు, మంట దగ్గర డప్పును కాచి చర్మం ఎంత బిగిస్తే ఏ నాదం పలుకుతుందో తెలుసు. అదంతా సంగీతమేనని బడి వాడికి ఎన్నడూ చెప్పలేదు. ఆ బడి తరఫున ఆ మాట చెప్పవలసినవాణ్ణి నేనే. ఆ తరువాత నుంచి నా తరగతిలో డప్పు మోగింది, కోలాటం నడిచింది. పిల్లలు ఇంటి నుంచి తెచ్చిన పాటలకు స్వరం కట్టే పని మొదలైంది. శాస్త్రీయ సంగీతం మీద నాకున్న గౌరవం దీనివల్ల తగ్గలేదు. ఏ ఇంటి పిల్లవాడు తన చెవిని ఎక్కడ నుంచి తెచ్చుకుంటాడో తెలిసిన తరువాత అలంకారాలు చెప్పడం కూడా నాకు సులువైంది. మీ అబ్బాయి బడిలో కర్ణాటక సంగీతం ఒక్కటే ఉంటే దానికి విచారించనక్కరలేదు. కానీ సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు హరిదాసు తంబురా, చెక్కభజన బృందం వాడి కంటా చెవినా పడేటట్లు చూడండి.

సంగీతం నేర్చి మా వాడేమవుతాడన్నది మీవారి ప్రశ్న కావచ్చు. చాలామంది ఏమీ అవరు, అంటే గాయకులు కారు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల వెలిసింది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. ద్వారం వేంకటస్వామినాయుడు అక్కడ వయొలిన్ నేర్పారు. ఘంటసాల అక్కడి విద్యార్థి, సుశీల అక్కడి విద్యార్థిని. ఈ పేర్లన్నీ మనకు తెలుసు. అయితే ఆ కళాశాల పుట్టుక గురించి అక్కడివారు చెప్పుకునే కథలో మహారాజు దానిని పెట్టించినది ఎవరినో విద్వాంసుణ్ణి చేయాలని కాదు, దివాణపు ఉద్యోగి ఒకరి కుమారుడైన చూపులేని బాలుడికి ఒక విద్య దొరకాలని. ఆ పేర్ల పక్కన, అక్కడ చదివి పేరు తెలియకుండా జీవించిన వందలాది మందిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వారు కచేరీలో తాళం వేస్తూ కూర్చునే శ్రోతలయ్యారు, ఇంట్లో పిల్లలకు పాట నేర్పిన తల్లులయ్యారు. మీ అబ్బాయి ఇంజనీరై, నలభయ్యో ఏట ఒక కచేరీలో కూర్చుని రాగాన్ని పోల్చుకుని చిన్నగా తల ఊపితే, ఈ రెండు పీరియడ్లకూ ఫలితం దక్కినట్లే నేను లెక్కిస్తాను.

ఇప్పుడు మీవారికి చూపించదగిన లెక్క ఒకటి. మీ బడిలో రోజుకు ఎనిమిది పీరియడ్లు, వారానికి ఆరు రోజులు అనుకుంటే మొత్తం 48. అందులో సంగీతానివి రెండు. తక్కిన 46 పీరియడ్లలో రాని లెక్కలు ఈ రెండింటితో వస్తాయని బడివారు నమ్మితే, లోపం ఆ 46లో ఎక్కడో ఉందన్నమాట, ముందు అది వెతకాలి. బడివారితో మాట్లాడేటప్పుడు మీకు ఆధారం కూడా ఉంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం పదో తరగతి దాకా కళలను తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచాలని చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం కళలకూ శాస్త్రాలకూ మధ్య, పాఠ్యాంశాలకూ పాఠ్యేతర అంశాలకూ మధ్య గట్టి గోడలు ఉండరాదని చెప్పింది. ఇవి కాగితం మీది మాటలే అయినా, కాగితం చూపిస్తే వినే ప్రధానోపాధ్యాయులు ఉన్నారు.

అదే సమయంలో బడిలో ఆ రెండు పీరియడ్లూ ఎలా గడుస్తున్నాయో కూడా వెళ్లి చూడండి. వార్షికోత్సవానికి ముందు రెండు నెలలు అయిదుగురు మంచి గొంతుల వాళ్లను ఎంచి, తక్కినవారిని నోట్సు రాసుకోమనే సంగీత తరగతి అయితే నేను పైన చెప్పిన ప్రయోజనాలేవీ అందులో ఉండవు. ఫోనులో వాద్యాల ట్రాకు పెట్టి సినిమా పాట అనుకరింపజేసేదైనా అంతే. మూడో సంగతి ఎవరి దృష్టికీ రానిది: ఉపాధ్యాయుడు పురుషుడైతే తన ఒకటి శ్రుతిలోనో ఒకటిన్నర శ్రుతిలోనో (అంకె పెరిగిన కొద్దీ ఎత్తు పెరుగుతుంది) పాడి, పిల్లలను కూడా అదే శ్రుతిలో పాడమంటాడు. పదేళ్ల పిల్లలకు నాలుగున్నర, అయిదు శ్రుతుల దగ్గర హాయిగా ఉంటుంది. కింది శ్రుతిలో మంద్రస్వరాలు, అంటే కింది స్వరాలు, అందక వారు గొణుగుతారు, లేదంటే పైస్థాయిని అందుకుని కీచుమంటారు. ‘మా పిల్లకు గొంతు లేదు’ అని నా దగ్గరకు తీసుకువచ్చిన వారిలో చాలామంది పిల్లలకు లేనిది గొంతు కాదు, తగిన శ్రుతి.

మీ చివరి సందేహానికి వస్తాను, ఎందుకంటే ఈ ఏడాది తక్షణం చేయవలసిన పని అదే. మగపిల్లలకు సుమారు పన్నెండు నుంచి పదిహేనేళ్ల మధ్య స్వరపేటిక పెరిగి, స్వరతంతువులు పొడవై, మందమై, గొంతు దాదాపు ఒక స్థాయి కిందకు దిగుతుంది. ఆడపిల్లలకూ మార్పు ఉంటుంది కానీ స్వల్పం. ఆ నెలల్లో నిన్న పలికిన పై షడ్జమం ఇవాళ చీలిపోతుంది, మాట మధ్యలో గొంతు జారుతుంది, తోటివారు నవ్వుతారు. పిల్లవాడు దీనిని తన చేతకానితనమని అనుకుంటాడు. సంగీతం మానేసే మగపిల్లల్లో ఎక్కువమంది ఈ దశలోనే మానేస్తారు, కారణం మాత్రం చదువని చెబుతారు. మీరు ముందుగా వాడిని కూర్చోబెట్టి ఇది పెరుగుదలేనని, మీసం వచ్చినట్లే ఇదీ వస్తుందని, కొద్ది నెలల్లో, ఒక్కోసారి ఏడాదికి కాస్త అటూ ఇటూగా కుదురుకుంటుందని చెప్పండి. ఈ మాట తండ్రి నోట వస్తే మరీ మంచిది, ఆయనకు కూడా ఈ వ్యవహారంలో ఒక పాత్ర దొరుకుతుంది.

ఆ తరువాత ఉపాధ్యాయుణ్ణి కలిసి, వాడి శ్రుతిని నెలకోసారి పరీక్షించి అవసరమైన కొద్దీ దించమని అడగండి. ఈ ఏడాది తారస్థాయి (పైస్థాయి) స్వరాలు, మూడో కాలం, గట్టిగా పాడడం వద్దు. మధ్యస్థాయిలో నాలుగైదు స్వరాల పరిధిలో ‘ఆ’ అంటూ పాడే అకార సాధన, పాత గీతాలను దించిన శ్రుతిలో నెమ్మదిగా పాడడం చాలు. గొంతు నొప్పి పుడితే ఆ రోజుకు ఆపాలి. బొంగురు నెలల తరబడి తగ్గకుండా, మాట్లాడడానికే కష్టంగా ఉంటే గొంతు వైద్యుడికి చూపించాలి. గొంతుకు ఇచ్చిన విశ్రాంతి చెవికీ చేతికీ అక్కరలేదు కనుక ఈ కాలాన్ని తాళానికి కేటాయించవచ్చు. జతులు, అంటే లయను పలికే మాటలు, చెప్పడం, ఏడు తాళాల అలంకారాలను చేతితో వేయడం, వీలైతే మృదంగంలో తొలి పాఠాలు. గొంతు చీలినందుకు సిగ్గుపడే పిల్లలు ‘తకదిమి తకజణు’ అని జతులు చెప్పడానికి సిగ్గుపడరు, అది కాస్త పౌరుషంగా కూడా ఉంటుంది వారికి.

ఇంట్లో రోజుకు ఇరవై నిమిషాలు సరిపోతుంది. స్నానం చేసి బడికి తయారయ్యే ముందైతే అలవాటు నిలుస్తుంది. ఫోనులో తంబురా యాప్ పెట్టి, ఫోనును బోర్లించి, వాడికి కాస్త దూరంగా ఉంచండి. మొదటి అయిదు నిమిషాలు ఏమీ పాడకుండా కళ్లు మూసుకుని ఆ నాదాన్ని వినమనండి. తరువాత దానితో కలిసే షడ్జమాన్ని వాడినే వెతుక్కోనివ్వండి. అది పోయినేడాది షడ్జమం కంటే చాలా కింద ఉంటుంది. దొరికినప్పుడు ఆ శ్రుతి ఎంతో ఒక కాగితం మీద తేదీ వేసి రాసుకోమనండి, వచ్చే నెల మళ్లీ చూసుకుంటాడు.